పంతొమ్మిది పొగడ్తలు, ఒక్క తిట్టు

"ఎవరో నా పొట్ట కొడుతున్నారండీ. వాళ్లెవరో పట్టుకుని నా ముందు నిలబెట్టండి, చాలు" అంటూ లోపలికొచ్చిందావిడ. కూర్చోవడం కూడా కుర్చీ అంచునే కూర్చుంది. పొద్దున తొమ్మిదైంది.

డిటెక్టివ్ మాస్టారమ్మ కళ్లజోడు సర్దుకుంది. ముప్పై ఏళ్లు పరీక్ష పేపర్లు దిద్ది, ఊరికే కూర్చోలేక ఈ ఆఫీసు తెరిచిన మనిషి. కాపీ కొట్టిన పేపరును మూడో లైనులోనే పట్టేస్తుందని పేరు. ఆమె సహాయకుణ్ని అందరూ గుమాస్తా అంటారు. గుమాస్తా ఉద్యోగం ఏనాడో పోయింది, పిలుపు మాత్రం మిగిలింది. మాస్టారమ్మ అంటే అతనికి ప్రాణం. ఆమె చేసే పనుల్లో సగం అతనికి అర్థం కావు, అది వేరే సంగతి.

వచ్చినావిడ సముద్రపు ఒడ్డున డైవింగ్ దుకాణం నడుపుతోంది. టూరిస్టుల వీపుకి గాలి సిలిండర్లు కట్టి, పడవలో తీసుకెళ్లి, నీటి అడుగున పగడాలు చూపించడం వాళ్ల పని. భర్త మొదలుపెట్టిన దుకాణం. ఆయన పోయాక తమ్ముడు సిలిండర్లు నింపే కంప్రెసర్ చూసుకుంటున్నాడు. అతిథులను నీళ్లలోకి దింపేది కూతురు.

"ఇదిగో, చదవండి" అంటూ కాగితం చాపింది. ట్రావెల్ సైట్‌లో 'ఉప్పునీళ్లు' అనే పేరుతో ఎవరో రాసిన రివ్యూ. ఒకే ఒక్క స్టారు.

గుమాస్తా పైకి చదివాడు. "మధ్యాహ్నం సిలిండర్లలో గాలి బాగాలేదు. నోట్లో కాలిన నూనె రుచి. ఇరవై మీటర్ల లోతులో పగడాలు మసిపట్టినట్టు నల్లగా ఉన్నాయి, నా తల పగిలిపోతోంది. ఆ రోజు మూడోసారి దిగి పైకొచ్చాక వాంతి చేసుకున్నాను. గాలి పరీక్ష చేయించేదాకా ఎవరూ దిగకండి."

"గాలి బాగాలేదట! మా ఆయనతో కలిసి నేనే ఎన్నోసార్లు దిగాను, ఏనాడూ తలనొప్పి రాలేదు. ఆ పక్కన పంతొమ్మిది మంది ఎలా మెచ్చుకున్నారో చూడండి."

మెచ్చుకోళ్లు నిజంగానే పోటాపోటీగా ఉన్నాయి. 'పాతిక మీటర్ల లోతున నిప్పుకణికల్లా ఎర్రటి పగడాలు!' అని ఒకరు. 'ఆ ఎరుపు చూసి కళ్లు చెదిరాయి' అని ఇంకొకరు. అన్నీ ఈ పది రోజుల్లో పడ్డవే.

"పంతొమ్మిది మంది ఒకవైపు, ఒక్కడు ఒకవైపు. ఇంక అనుమానం ఏముంది మేడమ్?" అన్నాడు గుమాస్తా.

"మధ్యాహ్నం పడవ ఎన్నింటికి?" అనడిగింది మాస్టారమ్మ, అతని మాట వినిపించుకోకుండా.

"రెండింటికి. ఎనిమిది మంది వస్తున్నారు, మా అమ్మాయి తీసుకెళ్తుంది."

"ఈ ఒక్కడిదీ అబద్ధమైతే మీ దుకాణం పోతుంది. నిజమైతే తొమ్మిది ప్రాణాలు. పదండి."

గుమాస్తాకి తలా తోకా అందలేదు. తిట్టినవాణ్ని వెతకమంటే తిట్టు నిజమేమోనంటుందేమిటి?

దుకాణం ముందుగదిలో గోడనిండా పగడాల ఫొటోలు, అన్నీ ఎర్రగా ధగధగలాడుతున్నాయి. వాటి కింద బోర్డు: 'అతిథులకు రోజుకు రెండు మునకలు మాత్రమే.' మాస్టారమ్మ బోర్డును రెండుసార్లు చదివింది. గుమాస్తా కూడా రెండుసార్లు చదివాడు, ఎందుకో తెలియకుండానే.

వెనకగదిలో తమ్ముడుగారు కంప్రెసర్ ముందు స్టూలేసుకుని, గాలి ఒత్తిడి చూపే ముల్లు మీద ఒక కన్ను, చేతిలో ఫోన్ మీద ఒక కన్ను వేసి కూర్చున్నాడు. కంప్రెసర్ గాలి పీల్చుకునే గొట్టం కిటికీలోంచి సముద్రంవైపు బయటికి ఉంది. కిటికీకి నాలుగడుగుల అవతల జనరేటర్ మోగుతోంది.

"జనరేటర్ మొదటినుంచీ ఇక్కడేనా?"

"కాదండీ, ముందువైపుండేది. చప్పుడుకి చెవులు పోతున్నాయని ఒకాయన రివ్యూలో రాశాడు. రాసింది నిజమే కదా అని నెల కిందట నేనే ఇటు మార్చా."

"సిలిండర్లు ఎప్పుడు నింపుతారు?"

"పొద్దుటి ట్రిప్పువి తెల్లారకముందే. మధ్యాహ్నానివి ఇదిగో, పదకొండు నుంచి పన్నెండు దాకా. ముల్లు చూస్తూ కూర్చోవడమే పని."

"మీరూ నీళ్లలో దిగుతారా?"

"అయ్యో, నాకు చెవిపోటండీ. మోకాలి లోతు దాటితే ఒట్టు."

మాస్టారమ్మ కిటికీ దగ్గరే నిలబడి, బయట తీగ మీద ఆరేసిన తువ్వాలు చూస్తూ ఉండిపోయింది. పదకొండున్నర దాకా అది సముద్రంవైపు ఊగింది. ఆ తర్వాత గాలి తిరిగి, కిటికీవైపు రెపరెపలాడసాగింది. గుమాస్తా తువ్వాలును చూశాడు, మేడమ్‌ని చూశాడు, మళ్లీ తువ్వాలును చూశాడు. మామూలు తువ్వాలే.

పన్నెండున్నరకి పడవ వచ్చింది. కూతురు తడి జుట్టుతోనే వచ్చి నిలబడింది. ఇరవై నాలుగేళ్ల పిల్ల. కళ్ల కింద నల్లటి చారలు.

"పాతిక మీటర్ల లోతులో పగడాలు ఏ రంగులో కనిపిస్తాయమ్మా?"

"నల్లగా. లోతుకెళ్లేకొద్దీ ఎరుపు నిలవదండీ, నీళ్లు మింగేస్తాయి. లైటు వేస్తే తప్ప కనపడదు. ఆ ఫొటోలు లైటుతో తీసినవి."

"నిన్న నువ్వు ఎన్నిసార్లు దిగావు?"

ఆ అమ్మాయి తల్లివైపు ఒకసారి చూసి, "మూడు" అంది.

ఒంటిగంటన్నరకి మాస్టారమ్మ అందర్నీ ముందుగదిలో కూర్చోబెట్టింది. అక్క, తమ్ముడు, కూతురు. పడవ కోసం వచ్చిన ఎనిమిది మంది గుమ్మంలో ఒకళ్ల భుజం మీంచి ఒకళ్లు తొంగిచూస్తున్నారు.

"ముందు పొగడ్తలు" అని మొదలుపెట్టింది. "పంతొమ్మిది పేపర్లలోనూ ఒకటే తప్పు. లోతులో కనిపించని ఎరుపు ఈ పంతొమ్మిది మందికీ కనిపించింది. అంటే వీళ్లు చూసింది సముద్రాన్ని కాదు, ఈ గోడని. ఇంకొకటి. అన్నీ పదకొండుకీ పన్నెండుకీ మధ్య రాసినవే. ఆ గంట అతిథులందరూ పడవలో ఉంటారు. దుకాణంలో ఉండేది అక్కాతమ్ముళ్లు. మీ ఆయనతో కలిసి మీరు ఎన్నోసార్లు దిగారు కదమ్మా? మీకు ఆ నలుపు తెలుసు. నీళ్లంటేనే దూరంగా ఉండేవాడికి తెలీదు."

తమ్ముడి మొహం పాలిపోయింది. "ఆ ఒక్క తిట్టు కిందికి పోవాలని రాశానక్కా. అబద్ధమనుకున్నా. నీ దుకాణం మునిగిపోతుందని భయమేసింది."

"అబద్ధం కాదు" అంది మాస్టారమ్మ. "పన్నెండు కాకముందే సముద్రపు గాలి ఒడ్డుకి తిరుగుతుంది. జనరేటర్ పొగ తిన్నగా మీ గొట్టంలోకి పోతుంది. తెల్లారకముందు నింపినవి బాగుంటాయి, మధ్యాహ్నానివి ఉండవు. గుమాస్తా, ఇలా రా."

పొద్దున మిగిలిన సిలిండర్‌కి తెల్ల జేబురుమాలు పట్టి కాస్త గాలి వదిలింది. గుమాస్తా వాసన చూశాడు. ఏమీ లేదు. కొత్తగా నింపినదానికి పట్టింది. అతను మొహం చిట్లించి వెనక్కి జరిగాడు.

"కాలిన నూనె!"

"ముక్కుకి తగిలేది ఇంతే. పొగలో వాసన లేని విషం ఇంకోటుంది. మనిషిని పడుకోబెట్టేది అదే."

"మరి రివ్యూలు అంత బాగున్నాయే!" అన్నాడు గుమ్మంలో ఒకాయన.

గుమాస్తాకి సగం వెలిగింది, సగం ఇంకా చీకటే. "మరి ఆ ఉప్పునీళ్లు ఎవరు మేడమ్?"

"మూడోసారి దిగానని రాశారు. అతిథులకు రెండు మునకలే కదా."

తల్లి నెమ్మదిగా కూతురివైపు తిరిగింది.

"నువ్వా? నాతో చెప్పొచ్చుగా తల్లీ!"

"రెండుసార్లు చెప్పానమ్మా. ఎండ తగిలుంటుందిలే, పడుకో అన్నావు. మావయ్య నింపే గాలిని అనుమానిస్తే ఆయన మనసు నొచ్చుకుంటుందన్నావు. పోనీ మానేద్దామంటే నా బదులు ఇంకొకళ్లు దింపుతారు. రివ్యూలైతే నువ్వు రోజూ చదువుతావు కదా. అక్కడ రాస్తే వింటావనుకున్నా."

తల్లి చేతిలో కాగితం నలిగి ఉంది. పది రోజులుగా చదివి చదివి ఆవిడకి ప్రతి ముక్కా కంఠతా వచ్చు. వాంతి చేసుకున్నదెవరో మాత్రం ఒక్కసారీ ఆలోచించలేదు. కూతుర్ని దగ్గరికి లాక్కుని, ఆ తడి జుట్టు మీదే మొహం పెట్టుకుని ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుని గుమ్మం దగ్గరికెళ్లి, "ఈ రోజు పడవ కదలదండీ" అని చెప్పింది. వెనకగదిలో తమ్ముడు ఒక్కొక్క సిలిండరూ విప్పి గాలి వదిలేస్తున్న చప్పుడు చాలాసేపు వినిపించింది.

వారం తర్వాత గుమాస్తా ఆఫీసులో ఆ సైట్ తెరిచాడు. పంతొమ్మిదీ లేవు. ఆ ఒక్క స్టారు అలాగే ఉంది. దాని కింద దుకాణం తరఫున జవాబు ఉంది: 'ఇందులో ప్రతి మాటా నిజం. రాసింది మా అమ్మాయి. జనరేటర్ తీసేశాం, గాలి పరీక్షకి పంపాం. ఫలితం వచ్చేదాకా పడవ కదలదు.'

"ఒక్కటే స్టారు మేడమ్, అయినా నాకు వెళ్లాలనిపిస్తోంది. ఇదేం తిక్కో అర్థం కావట్లేదు" అన్నాడు.

"ఫలితం వచ్చాక ఇద్దరం వెళ్దాం" అంది మాస్టారమ్మ.