మూల మిషన్‌లో ఐదో వాక్యం

ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీ ఆఫీసు మూడో అంతస్తులో, మంచినీళ్ళ డబ్బా దాటాక, కిటికీ పక్కనున్న మూల సీటుకి మంచి పేరు లేదు.

పగలు చూస్తే ఏముంటుంది? ఒక పాత కంప్యూటరు, అక్షరాలు అరిగిపోయిన కీబోర్డు, ఒక చెయ్యి విరిగిన కుర్చీ. కానీ రాత్రి ఒంటిగంట నలభై అయ్యిందంటే... దాని తెర దానంతట అదే వెలుగుతుందట. కీబోర్డు మీద మీట ఒక్కటీ కదలదట. తెర మీద మాత్రం టకటకా ఏవో పడుతూ పోతాయట. అక్షరాలంటే అక్షరాలూ కావు, ఖాళీ డబ్బాలు. ఆగి ఆగి... ఒక్కోసారి వెనక్కి చెరిపి, ఆలోచించి మళ్ళీ కొడుతున్నట్టు.

ఆ సీటు ఒక పెద్దాయనది. ఆ కంపెనీ చేసేది కంప్యూటర్లో రాసుకునే ఎడిటరు. అందులో తెలుగు సరిగ్గా పడుతోందో లేదో చూడటం ఆయన ఉద్యోగం. రెండేళ్ళ కిందట ఒక సెలవురోజు ఇంట్లో భోంచేసి, నడుం వాల్చి, మళ్ళీ లేవలేదు. ఇంట్లో పోయాడంటే కథకి రుచేముంది? కుర్చీలోనే పోయాడన్నారు. పోను పోను కుర్చీ చెయ్యి కూడా ఆ క్షణంలోనే విరిగిందన్నారు.

అంత భయం ఉన్నప్పుడు ఆ మిషన్ తీసి పారెయ్యొచ్చు కదా అంటారా? ప్రోగ్రాములు రాసేవాళ్ళలో ఒక నియమం ఉంది. నడుస్తున్నదాన్ని ముట్టుకోకూడదు. ముట్టుకుంటే ఏది ఆగిపోతుందో ఎవరికీ తెలియదు. దెయ్యం కన్నా వాళ్ళకి అదంటేనే ఎక్కువ భయం.

ఇక ఒక రాత్రి ఆ సీట్లో కూర్చున్న మనిషి సంగతి. ఆఫీసులో అందరూ ఆమెని పురుగులమ్మ అనేవాళ్ళు. ప్రోగ్రాముల్లో తప్పుల్ని వాళ్ళు పురుగులంటారు, వాటిని ఏరిపారెయ్యడం ఆమె పని. అందరి పురుగులూ చివరికి ఆమె బల్ల మీదికే చేరేవి.

ఆ నెలంతా ఒకటే పురుగు. ఎడిటర్లో తెలుగు కొడితే కొత్త కంప్యూటర్ల మీద ముత్యాల్లా పడుతుంది. పాతవాటి మీద డబ్బాలు పడతాయి. ఆఫీసు మొత్తానికి అంత పాతది మూల మిషన్ ఒక్కటే. కాబట్టి ఆ తప్పు పట్టాలంటే అక్కడే కూర్చోవాలి.

సాయంత్రం మేనేజరు వచ్చి ఖరాఖండీగా చెప్పేశాడు.

"రేపు తొమ్మిదికల్లా అయితే అయినట్టు. లేదంటే పాత మిషన్లకి తెలుగు తీసేస్తాం. అయినా ఇంకా ఎవరు వాడుతున్నారమ్మా వాటిని, పదిమంది కూడా ఉండరు!"

ఆ పదిమందిలో ఒకాయన ఆమె నాన్న.

ఎనిమిది నెలల కిందట ఒక రాత్రి పొద్దుపోయినా ఆమె ఇంట్లో లైటు వేసుకుని ఆఫీసు పని చేసుకుంటోంది. నాన్న గుమ్మం దగ్గరికొచ్చి, "అమ్మా..." అన్నాడు. ఆమె తల తిప్పకుండా, "ఆగు నాన్నా, తర్వాత" అంది, విసుగ్గా. ఆయన కాసేపు నిలబడి వెళ్ళిపోయాడు. తెల్లారేసరికి కుడివైపు పడిపోయింది, మాట పడిపోయింది. ఏం చెప్పబోయాడో... అదీ పోయింది.

మిగిలింది ఎడమచేతి చూపుడువేలు. దానితోనే ఆయన తన పాత కంప్యూటర్ ముందు కూర్చుని, రోజూ రాత్రి ఏదో కొట్టేవాడు. ప్రతిసారీ డబ్బాలే పడేవి. అక్షరాలు రాసిన అట్ట తెచ్చి, వేలితో చూపించమంటే మొహం తిప్పుకున్నాడు. కొత్త కంప్యూటరు తెస్తే ముట్టనైనా ముట్టలేదు. ఇరవయ్యేళ్ళు అలవాటైన మీటల మీద తప్ప ఆ వేలు ఇంకోచోట పడదు. అంత పాతదాని మీద నడిచే ఎడిటరు ఇదొక్కటే.

ఆ డబ్బాల్లో ఏముందో అని ఆమె రోజూ కుమిలిపోయేది. తిట్టో, శాపమో, ఏదైనా అప్పగింతో. ఏదైనా సరే చదవాలి. దానికి ఆ ఒక్క రాత్రే మిగిలింది.

పదకొండింటికి వాచ్‌మన్ టీ తెచ్చాడు. తెచ్చి నీళ్ళ డబ్బా దగ్గరే ఆగిపోయాడు.

"ఇక్కడ పెడతానమ్మా. నువ్వే వచ్చి తీసుకో."

"ఇక్కడిదాకా రావొచ్చుగా బాబాయ్?"

"నాకు ఇద్దరు మనవరాళ్ళున్నారమ్మా" అన్నాడాయన, అదే సమాధానం అన్నట్టు.

ఆమె లేచి వెళ్ళి టీ తెచ్చుకుంది. నిజం చెప్పాలంటే ఆమెకి భయం వెయ్యలేదు. భయపడటానికి కూడా ఓపిక ఉండాలి. పగలు ఆఫీసు, రాత్రి నాన్న మంచం పక్కన మెలకువ — ఎనిమిది నెలలుగా ఇదే బతుకు. కళ్ళల్లో ఇసుక పోసినట్టుంది. దెయ్యం నిజంగా వస్తే పక్క కుర్చీలో కూర్చోబెట్టి కాస్త పని అప్పగిద్దామా అనిపించింది.

పన్నెండు దాటింది. ఒంటిగంట దాటింది... కిటికీ అవతల వీధిదీపం రెండుసార్లు కొట్టుకుని ఆరిపోయింది.

ఒకటీ ఇరవైకి తప్పు దొరికింది. దొరికాక చూస్తే ఇంతేనా అనిపించింది. తెలుగులో చాలా అక్షరాలకి ఒక్క మీట చాలదు, రెండో మూడో కొట్టాలి. అవి పూర్తయ్యేదాకా అక్షరం ఇంకా తయారవుతూ ఉంటుంది. పాత మిషన్ నెమ్మది. ఎడిటరుకేమో తొందర. సగం అక్షరాన్నే లాక్కుని తెర మీద పెట్టేస్తోంది. ఆ సగమే డబ్బా. అవతలివాడు చెప్పడం పూర్తయ్యేదాకా ఆగితే చాలు.

ఆ మాట తనకే తగిలింది.

తర్వాత పదకొండు లైన్లు రాసింది, మార్చిన ఎడిటర్ని ఆ మిషన్‌లో ఎక్కించింది. కొట్టి చూద్దామని చెయ్యి చాపింది —

తెర మారింది.

ఆమె ఏమీ ముట్టుకోలేదు. తెర మూలన గడియారం ఒకటీ నలభై. ఎడిటర్లో ఒక ఖాళీ పేజీ దానంతట అదే తెరుచుకుంది. కర్సరు ఒకసారి మిణుకుమంది... రెండుసార్లు...

తర్వాత అక్షరాలు పడటం మొదలయ్యాయి.

ఈసారి డబ్బాలు కావు!

"ఈ వాక్యం మీరు చదవగలుగుతున్నారంటే... తప్పు సరిచేశారన్నమాట." కాస్త ఆగింది. "నేను ఆరు నెలలు మొత్తుకున్నా ఎవరూ వినలేదు." ఒక పదం కొట్టి, చెరిపి, మళ్ళీ కొట్టింది. "మీరెవరోగానీ చల్లగా ఉండండి. ఇక ఇంటికి వెళ్ళండి."

ఆమె వీపు మీద చల్లటి చెయ్యి పెట్టినట్టయింది. ఓపిక లేకపోయినా ఈసారి భయం వచ్చి కూర్చుంది.

"అమ్మా..." దూరం నుంచి వాచ్‌మన్ గొంతు గుసగుసగా. "వచ్చిందా?"

ఆమె వెంటనే కీబోర్డు అందుకుంది. మిషన్‌లో వెతకడం మొదలుపెట్టింది. పదిహేను నిమిషాల్లో అసలు సంగతి బయటపడింది. బయటపడగానే పొట్ట పట్టుకుని నవ్వింది.

పెద్దాయన తన టైపింగ్‌ని ఒకసారి రికార్డు చేశాడు. ఆగినచోట ఆగడం, చెరిపినచోట చెరపడం అన్నీ అందులో ఉన్నాయి. మిషన్‌ని ఎవరూ వాడని వేళ చూసుకుని, రోజూ రాత్రి ఒకటీ నలభైకి అది ఎడిటర్లో నడిచేలా పరీక్ష పెట్టాడు. తెర మీద డబ్బాలు పడితే "తప్పు ఇంకా ఉంది" అని ఒక మెయిల్ వెళ్ళాలి. వెళ్తూనే ఉంది, ఆయనకే. చనిపోయినాయన మెయిల్ పెట్టెలో ఏడు వందల పైచిలుకు ఉత్తరాలు విప్పకుండా పడి ఉన్నాయి. ఆ పరీక్ష సంగతి ఆయన ఇంకెవరికీ చెప్పలేదు. చెప్పినా ఎవరు విన్నారు కనక?

"దీనికా అమ్మా మేం రెండేళ్ళు హడలి చచ్చాం?" అన్నాడు వాచ్‌మన్. ధైర్యం వచ్చి, మూల సీటు దాకా వచ్చేశాడు. "నేను మూడుసార్లు బదిలీ అడిగాను!"

"పాపం, పెద్దాయన పని చేసుకుంటున్నాడు బాబాయ్. అంతే."

ఆ మాట అంటుంటే ఆమెకి కళ్ళు చెమర్చాయి. కొత్త ఎడిటర్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుని, సంచీ సర్దుకుంది. చివరిసారి తెర వైపు చూసింది.

కర్సరు కింది లైన్లోకి దిగింది.

టైము రెండూ ఐదు. పరీక్ష ఎప్పుడో అయిపోయింది. కానీ ఒక అక్షరం పడింది. చాలాసేపటికి ఇంకోటి... పెద్దాయన కొట్టే తీరు కాదు ఇది. చాలా నెమ్మదిగా, ఒక్కో మీటా వెతుక్కుంటూ కొట్టినట్టుంది. ఒకే ఒక వాక్యం. అంతే, ఆగిపోయింది.

ఆమె మళ్ళీ కూర్చుని రికార్డు విప్పి చూసింది. అందులో నాలుగే వాక్యాలు. ఐదోది లేదు. రెండోసారి చూసినా లేదు.

"ఏమైందమ్మా? ఏమని రాసింది?" వాచ్‌మన్‌కి కళ్ళజోడు లేదు.

"ఏం లేదు బాబాయ్. పదండి, కిందికి పోదాం." వెళ్తూ వెళ్తూ, ఎన్నడూ లేనిది, మూలన లైటు స్విచ్ తనే నొక్కింది.

ఇల్లు చేరేసరికి మూడు. తలుపు తీసిన అమ్మ మొహం పీక్కుపోయి ఉంది.

"మీ నాన్న రెండింటికి లేచి కూర్చున్నారే. వద్దంటే వినరు. ఆ ఒక్క వేలితో కొట్టిందే కొట్టడం."

నాన్న ఇంకా ఆ పాత కంప్యూటర్ ముందే ఉన్నాడు. తెర మీద ఎప్పట్లాగే ఒక వరస డబ్బాలు. కూతుర్ని చూసి ఆయన ఎడమ చెంప కాస్త కదిలింది. ఆమె పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, కొత్త ఎడిటర్ని ఎక్కించి, ఆయన వేలిని మెల్లగా మీటల మీద పెట్టింది.

"ఇప్పుడు చెప్పు నాన్నా. నేను ఆగుతాను."

ఆ వేలు లేచింది. వెతుక్కుంది. పడింది. అక్షరం పడ్డాక అక్షరం పడటానికి నిమిషం పట్టింది. ఆమె అందివ్వలేదు, ముందుగా ఊహించి పలకలేదు, చూస్తూ కూర్చుంది. సగం వాక్యం పడేసరికే ఆమెకి అర్థమైపోయింది. గంట కిందట, మూల మిషన్ తెర మీద, సరిగ్గా ఇవే మాటలు.

"లైటు ఆర్పి పడుకో తల్లీ."