ముప్పయ్యో రోజు

ఆగస్టు 29, మధ్యాహ్నం 2:10. కంబదూరు పోలీస్ స్టేషన్.

పోయింది ఒక పాత సిమ్. హెడ్‌మిస్ట్రెస్ పుష్పావతి మాత్రం నగలు పోయినంత గొడవ చేస్తోంది. ఎస్సై హేమలతకు చిరాకు నషాళానికి అంటింది.

పుష్పావతి ఆదాయపు పన్ను ఎప్పుడో కట్టేసింది. రిటర్న్ కూడా జూలై 30న, గడువుకు ఒకరోజు ముందే వేసింది. కానీ ముప్పై రోజుల్లో ఇ-వెరిఫై చేయకపోతే ఆలస్యంగా వేసినట్టే లెక్క. లేట్ ఫీజు ఐదు వేలు. ఓటీపీ వచ్చేది ఆధార్‌తో లింకైన ఆ సిమ్‌కే. ఈరోజే ముప్పయ్యో రోజు.

రిటర్న్ వేసిపెట్టిన నెట్ సెంటర్ అభిలాష్ మీద ఆమె అనుమానం. పిలిపిస్తే అతను విసుక్కున్నాడు. సిమ్ తన దగ్గరుంటే ఎప్పుడో వెరిఫై చేసి ఈ పీడ వదిలించుకునేవాడినన్నాడు.

"ఆ నంబరుకు ఫోన్ చేసినారా?" హేమలత అడిగింది.

"చేసినా మేడమ్. రెండు రింగులకే కట్ చేస్తాండారు."

హేమలత ఆమె ఫోన్‌లో కాల్ లిస్టు చూసింది. నిన్న 11:05, 4:20. ఈరోజు 9:40.

ఈ టైములు ఇంతకుముందే చూసింది. పొద్దున తొమ్మిదికి పుష్పావతి మరిది ఎర్రన్న ఇచ్చిన ఫిర్యాదు తీసింది. ఎవరో తమ ఉమ్మడి బోరు మోటరు ఆన్ చేస్తున్నారట. నిన్న 11:05కు, 4:20కు. రెండుసార్లూ తనే పోయి ఆపాడట.

ఎదురుగా టీకొట్టులో పొద్దున్నుంచి కాచుకున్న ఎర్రన్నను పిలిపించింది.

"మోటరు స్టార్టరులో సిమ్ యాడిది?"

"వదినోళ్ల ఇంట్లో పెన్నుల డబ్బాలో ఊరికే పడుండె మేడమ్. రీచార్జి చేసి పెట్టుకున్యా. ఫోన్ చేస్తే మోటరు ఆన్ అవుతాది, మళ్లా చేస్తే ఆఫ్."

"చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది," అంది హేమలత. "మీ మోటరు వేసిన దొంగ మీ వదినే. ఆమె సిమ్ దొంగ మీరే."

అందరూ పొలానికి పోయారు. సిమ్ తీసి ఫోన్‌లో వేశారు. 4:50కి ఓటీపీ వచ్చింది. రిటర్న్ వెరిఫై అయింది. పుష్పావతి హమ్మయ్య అనుకుంది.

ఎర్రన్న చేత్తో స్టార్టర్ బటన్ నొక్కాడు. నీళ్లు రాలేదు. కాలిన వాసన వచ్చింది.

పొద్దున 9:40కి ఆమె కాల్‌తో ఆన్ అయిన మోటరును ఆపేవాళ్లు లేరు; ఎర్రన్న టీకొట్టులో ఉన్నాడు. బోరులో నీళ్లయిపోయినా గంటల తరబడి ఒట్టిగా తిరిగి కాలిపోయింది.

"వైండింగుకు ఎంతవుతాదప్పా?" పుష్పావతి మెల్లగా అడిగింది.

"పన్నెండు వేలు వదినా. బోరు ఇద్దరిదీ కదా. నీ వంతు ఆరు."