మేడమ్ పారేసిన మాస్కు

"మీ అన్న చావు ప్రమాదం కాదు. హత్య," అన్నాడు చీఫ్.

ఏజెంట్ జలగ చేతిలోని స్టీలు గ్లాసు కాగితంలా నలిగిపోయింది.

"రేవు పక్క రంగుల ఫ్యాక్టరీలో విదేశీ ముఠా ఆర్సెనిక్ విషం చేస్తోంది. మీ అన్న అక్కడి గాలిని ఫిల్టర్‌లో పట్టి, పరీక్షకి ప్రభుత్వ ల్యాబ్ రియాక్టర్‌లో పెట్టబోయాడు. లేపేశారు. సాయంత్రం సరుకు ఓడెక్కుతుంది. ఈలోగా రుజువు కావాలి."

గంటలో జలగ ఆ ల్యాబ్‌లో స్వీపర్. పెట్టుడు మీసం ఎంత పెద్దదంటే సగం గది అదే ఊడ్చేస్తోంది.

"గాలి బాగుందా?" కోడ్ విసిరాడు.

"వడకట్టాలి," అంది రేడియేషన్ లెక్కపెట్టే మెషీన్ ముందున్న వదిన. "మీసం వంకరపోయింది మరిదీ."

"రిజల్ట్?"

"సున్నా. ఫ్యాక్టరీ గాలిని మళ్లీ పట్టడానికి పేపర్ ఫిల్టర్ పెట్టమన్నాను. మేడమ్ గాజుపీచుది పెట్టించింది. గాజు నిండా సోడియమే. రియాక్టర్‌లో న్యూట్రాన్లు తగిలితే ప్రతి పదార్థం తన రేడియేషన్‌తో అరుస్తుంది, అందులో సోడియందే గోల. ఆ గోలలో ఆర్సెనిక్ గొంతు వినపడి చావదు."

మేడమ్ అంటే ల్యాబ్ డిప్యూటీ డైరెక్టర్. ఇటు ప్రభుత్వం జీతం, అటు ముఠా జీతం. ఆవిడకంటే ముందు ఆవిడ సెంటొచ్చి తలుపు తీస్తుంది. ఇప్పుడూ తీసింది.

"ఫ్యాక్టరీ అంతా తిరిగొచ్చాను. గాలి అద్దంలా ఉంది," అంటూ మేడమ్ మాస్కు తీసి చెత్తబుట్టలో పడేసింది. "ఏయ్ మీసం, ఇది కాల్చెయ్!" హ్యాండ్‌బ్యాగ్ బల్ల మీద పెట్టి ఫోన్‌తో బయటికెళ్లింది.

వదిన కళ్లు మెరిశాయి. "పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్! ఆవిడ పీల్చిన ఫ్యాక్టరీ గాలంతా వడకట్టింది ఇదే. ఇందులో సోడియం దాదాపు ఉండదు. మనకి గాజు అంటగట్టి, తన ముక్కుకి మాత్రం భలే సరుకు ఎంచుకుంది."

జలగ చెయ్యి చాచాడు.

"ముట్టకు! నీ చెమటలో ఉప్పు చాలు, కొంప మునగడానికి. ప్లాస్టిక్ పట్టకారుతో తియ్యి. బ్యాగులోంచి వాడనిదొకటి కూడా."

"వాడనిదెందుకు?"

"మాస్కులో ముందే ఏముందో తెలియాలిగా. ఖాళీది పరీక్షించకుండా మీ అన్న దేన్నీ నమ్మేవాడు కాదు. నన్ను తప్ప."

చీపురు కర్రలోంచి పట్టకారు బయటికొచ్చింది. రెండు మాస్కులూ రియాక్టర్‌లోకి వెళ్లొచ్చాయి. ఓడ హారన్ మోగేసరికి వాడనిది స్క్రీన్ మీద నిద్రపోతోంది. వాడినదాంట్లో ఆర్సెనిక్ గీత కొండలా లేచింది.

"ఆపు!" గుమ్మంలో మేడమ్. చేతిలో పిస్తోలు.

జలగ పొద్దుట్నుంచీ నేల తుడుస్తూనే ఉన్నాడు. వేషమేసినా పనిలో లోటు చెయ్యడు. తడి నేల మీద మేడమ్ హైహీల్స్ జారాయి. పిస్తోలు బల్ల కిందికెళ్లింది. జలగ వేళ్లు ఆవిడ మెడ మీదికెళ్లాయి.

"వద్దు మరిదీ," అంది వదిన చల్లగా. "చస్తే ఒక్కరోజు. బతికితే రోజూ ఏడుస్తుంది. నాకు రోజూ కావాలి."

వేళ్లు వదిలాయి. జలగ పట్టు వదలడం డిపార్ట్‌మెంట్ చరిత్రలో అదే మొదలు.

రేవులో ఆఖరి తాడు విప్పుతుండగా చీఫ్ మనుషులు ఓడని ఆపేశారు.

"సాక్షి ఎవరయ్యా?" ఫోన్‌లో చీఫ్.

జలగ మీసం పీకి బుట్టలో పడేశాడు. "మేడమ్ ముక్కే సార్."