కిటికీ వైపు నడిచిన కుర్చీ

మా ఆఫీసులో చేరిన మొదటి రోజే ఆ అమ్మాయి నా ప్రోగ్రాముని ఉతికి ఆరేసింది. అదీ టీమ్ మొత్తం ముందు. ఆమె కంటే మూడేళ్లు సీనియర్ని, మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మేం ప్రోగ్రాములు రాసే ఫంక్షనల్ లాంగ్వేజ్‌కి ఒక మొండి నియమం ఉంది. రాసినదాన్ని దిద్దనివ్వదు. మ్యాట్రిక్స్‌లో, అంటే అంకెల గళ్ల చదరంలో, ఒక్క గడి మారాలన్నా కొత్త మ్యాట్రిక్స్ కట్టుకోవాల్సిందే, పాతది అలాగే ఉంటుంది. నేను వరసకో లిస్టు చొప్పున పేర్చి, గడి మారినప్పుడల్లా మొత్తం కాపీ చేసేవాణ్ణి.

"దోమ దూరిందని ఇల్లు మళ్లీ కట్టుకుంటున్నారు మీరు," అంది.

ఆమె ఆ చదరాన్ని నాలుగు ముక్కలు చేసింది. ఒక్కో ముక్కని మళ్లీ నాలుగు, అలా గడి దాకా. అన్నీ సున్నాలే ఉన్న ముక్కకి 'ఖాళీ' అని రాసి వదిలేసింది. ఒక గడి మారితే ఆ గడిని కలుపుకున్న ముక్కలే కొత్తవి, మిగతావన్నీ పాతదానితో ఉమ్మడి. నాలుగు నిమిషాల పని రెండు సెకన్లలో తేలిపోయింది. నాకు ఒళ్లు మండింది. వారం తిరక్కుండా ఆ మంటే ప్రేమయి కూర్చుంది, నా బతుకే అంత.

ఆమె పద్ధతిని పరీక్షించే పని నాకే పడింది. చాలావరకు ఖాళీగా ఉండే మ్యాట్రిక్స్ కావాలి. మా హాలుని గళ్లుగా కొలిచి, కుర్చీ ఉన్నచోట ఒకటి, లేనిచోట సున్నా వేశాను. మార్పు కోసం రోజూ ఒక కుర్చీ జరపాలి. నాదే జరిపాను, ప్రింటర్ పక్క నుంచి కిటికీ వైపు, రోజుకో గడి. కిటికీ దగ్గర ఎవరు కూర్చుంటారో వేరే చెప్పాలా?

పదకొండో రోజుకి ఆమె పక్కకి చేరాను. ఆ రోజే మేనేజర్ కబురు తెచ్చాడు. సోమవారం నుంచి సగం మంది పై అంతస్తుకి, అందులో ఆమె కూడా. చెప్పాలంటే శుక్రవారం లోపే చెప్పాలి. రెండు రోజులు మంచినీళ్ల దగ్గర కాపు కాశాను. ఆమె రాగానే నీళ్లు తాగి వచ్చేసేవాణ్ణి. చివరికి నా కుర్చీని మళ్లీ ప్రింటర్ పక్కకి తెచ్చేసి, టెస్టు ఫైలు ఆమెకి పంపాను.

శుక్రవారం మధ్యాహ్నం పిలిచింది. తెర మీద పదమూడు మ్యాట్రిక్స్‌లు వరసగా ఉన్నాయి. పోల్చి చూడ్డానికని పాతవన్నీ అలాగే ఉంచమని ప్రోగ్రాములో రాసింది నేనే, మరిచిపోయిందీ నేనే.

"ఈ కుర్చీ రోజూ నా వైపు నడుస్తోందేంటి?"

"టెస్ట్ అండి."

"మరి చివర్లో పారిపోయిందే?"

అబద్ధం కోసం వెతికాను, ఒక్కటీ దొరకలేదు. "భయమేసింది. మీరంటే నాకిష్టం. వద్దంటారని..."

 ఆమె కీబోర్డు లాక్కుని ఒక మార్పు రాసింది. పద్నాలుగో మ్యాట్రిక్స్‌లో నా కుర్చీ ప్రింటర్ దగ్గరే ఉంది. దాని పక్క గడిలో కొత్తగా ఇంకో ఒకటి. కిటికీ దగ్గర ఆమె కుర్చీకి వేసిన ఒకటి కూడా అలాగే ఉంది.

"పాత గడి సున్నా చెయ్యలేదు. రెండు చోట్లా ఉన్నారు మీరు," అన్నాను. నా నోరు ఊరుకోదు కదా.

"ఇప్పుడు కూడా తప్పులు పట్టాలా నీకు?"

'మీకు' కాస్తా 'నీకు' అయింది.  ఆమె సున్నా వేసి, పై అంతస్తు లిస్టులోంచి తన పేరు పొద్దునే తీయించేశానని చెప్పింది. లేచి కుర్చీని తోసుకుంటూ బయల్దేరింది. చక్రాల కిర్రుకి హాలంతా తలెత్తింది. ఎక్కడికని మేనేజర్ అడిగాడు.

"టెస్టింగ్‌కి సార్," అంది.

నేను ప్రింటర్ని పక్కకి నెట్టి చోటు చేశాను.