కదలని కారు, వెనక సీట్లో అల్లుడు

ముందే ఒక సంగతి ఒప్పేసుకుంటాను. ఈ గూఢచారి కథలో అసలు ఘట్టం నడుస్తున్నంతసేపూ గూఢచారి స్టీరింగ్ పట్టుకుని ఊరికే కూర్చుంటుంది. తుపాకీ పేలదు. ఎవరూ రైలు మీద పరుగెత్తరు. ఇంకో సంగతి కూడా చెప్పేస్తే నా బరువు దిగిపోతుంది: ఇంజనీరింగ్‌లో బ్యాటరీల చాప్టర్‌ని నేను చాయిస్‌లో వదిలేశాను. ఆ చాప్టర్ చదివినవాళ్ళకి ఈ కథలో సగం దూరం వచ్చేసరికే విషయం అర్థమైపోతుంది. మిగతావాళ్ళు నాతో రండి.

ఆ ఆఫీసు తలుపు మీద ‘స్టేషనరీ కొనుగోళ్ల విభాగం’ అని రాసి ఉంటుంది. లోపల ఒక్క పెన్నూ సరిగ్గా రాయదు. ఫోన్లు ఎవరు విన్నా అనుమానం రాకూడదని అక్కడ అందరూ చుట్టరికాలతోనే మాట్లాడుకుంటారు. చీఫ్ పెదనాన్న. పట్టుకోవలసిన విదేశీ ముఠా వియ్యాలవారు. ముప్ఫై ఒకటో ఏట అడుగుపెట్టిన మన ఏజెంట్ చిన్నమ్మాయి. పదేళ్లుగా ఇలాగే పిలుచుకుని పిలుచుకుని, పెదనాన్నకి ఆమె సెలవు అడిగితే నిజంగానే కోపం వస్తుంది.

ఆ ఉదయం తొమ్మిదింటికి పెదనాన్న బ్రీఫింగ్ మూడు నిమిషాల్లో ముగించాడు. వియ్యాలవారి సరుకుల ఆఫీసులో ఫైళ్లు సర్దే ముసలి గుమాస్తా ఒకడు మూడేళ్లుగా మనవాడు. కోడ్ పేరు బాబాయి. ముఠాలో ఎవరెవరున్నారో ఆ జాబితా మొత్తం ఒక మెమరీ కార్డులోకి ఎక్కించాడు. ఇవాళ మధ్యాహ్నం పన్నెండూ పదికి రేవులో పడవ ఎక్కి దేశం దాటిపోవాలి. అతని పాస్‌పోర్టు, టికెట్టు, కొత్త పేరు ఒక కవరులో ఉన్నాయి. ఆ కవరు అందించి, కార్డు తీసుకురావాలి. గుర్తులు: కారులో పసుపు గుడ్డ, అతని చేతిలో ఆకుపచ్చ మూత క్యారియర్, ఆపైన భోజనాల గురించి ఒక కోడ్ మాట.

“పడవ తప్పితే?” అని అడిగింది చిన్నమ్మాయి.

“సాయంత్రం వాళ్ళ ఆఫీసులో ఫైళ్ల తనిఖీ ఉంది. దొరికిపోతాడు.” పెదనాన్న కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. “నేను మాటిచ్చాను. ఇప్పుడది నీ మాట.”

ఈమధ్య పెదనాన్న బాగా చిక్కిపోయాడు. నెలన్నరగా నిద్రలేదని ముఖం చూస్తేనే తెలుస్తోంది. కారణం ఎవరూ అడగలేదు.

వెంట అల్లుడు కూడా వస్తాడని చెప్పాడు. ఎనిమిది నెలల కిందట వియ్యాలవారిని వదిలి ఇటు వచ్చేసిన ఏజెంటే అల్లుడు. క్రీమ్ రంగు సూటు, నల్లకళ్లద్దాలు, అతను నడిచి వెళ్లిన పావుగంటకి కూడా వరండాలో ఉండిపోయే సెంటు. రేవులో వియ్యాలవారి మనుషులుంటే గుర్తుపట్టడానికి అతను. ఎక్కడికి వెళ్తున్నారో, ఎవరికోసమో అతనికి చెప్పలేదు. అల్లుడికి అన్నీ చెప్పే ఇల్లు ఎక్కడుంది?

ఇక కారు. వయసు పదకొండు వారాలు, తిరిగింది నాలుగు వేల మూడొందల కిలోమీటర్లు. సీట్ల మీద ప్లాస్టిక్ వాసన ఇంకా పోలేదు. అది కరెంటు కారు. దాన్ని వర్క్‌షాపు మేస్త్రి ముద్దుల కూతురిలా ముస్తాబు చేశాడు. సీటు కింద జామర్, అద్దాలన్నీ బులెట్‌ప్రూఫ్, సౌండ్‌ప్రూఫ్, ముందుకీ వెనక్కీ మధ్య ఒక గాజు పలక, డాష్‌బోర్డులో చిన్నమ్మాయి వేలిముద్ర పడితేనే తెరుచుకునే రహస్య లాకర్. “బాంబు పెట్టినా తెరుచుకోదమ్మా” అని మురిసిపోయాడు. వెనక చూసే అద్దం తీసేసి అక్కడా స్క్రీన్ పెడతానన్నాడు. ఆమె ఒప్పుకోలేదు, మామూలు అద్దమే ఉండనీ అంది. ఆ రోజంతా అతను అలిగాడు.

కారు ఎవరిదో తెలియకూడదు కాబట్టి లేని మనిషి పేర, లేని ఒక టైలరింగ్ షాపు అడ్రసుకి రిజిస్టర్ చేశారు. కంపెనీవాళ్ళు ఎక్కడుందో కనిపెట్టకుండా నెట్‌వర్క్ వైరు కత్తిరించేశారు. మిషన్‌లో ఉన్నప్పుడు ఫోన్లు ఆఫీసు సొరుగులోనే ఉండాలి. మాట్లాడాలంటే కారులోని రేడియోనే. ఈ ఏర్పాట్లన్నీ గుర్తుపెట్టుకోండి.

పదకొండూ నలభై ఒకటికి కారు రేవుకి వెళ్లే పొడవాటి వంతెన సగం దాటింది. వంతెనకి ఒక పక్క మరమ్మతు. అటూ ఇటూ సిమెంటు దిమ్మెలు పెట్టి ఒక్క వరసే వదిలారు. కారు గంటకి యాభైలో వెళ్తోంది. డాష్‌బోర్డు మీద గుర్తుగా పెట్టిన పసుపుపచ్చ తుడుపుగుడ్డ ఏసీ గాలికి ఊగుతోంది.

ఎక్కడో ‘టిక్’ మని చిన్న చప్పుడైంది. పెన్ను మూత పెట్టినంత చప్పుడు.

స్క్రీన్ మీద ‘సురక్షితంగా పక్కకు ఆపండి’ అని ఎర్రక్షరాలు వచ్చాయి. ఆమె పక్క ఎక్కడుందా అని చూసేలోపు ఆ అక్షరాలూ పోయాయి. స్క్రీన్ నల్లబడింది. ఏసీ ఆగింది. స్టీరింగ్ రాయిలా బిగిసింది. బ్రేకు మీద రెండు కాళ్లూ వేసి తొక్కితే కారు బరువుగా నిట్టూర్చినట్టు ఆగింది. తుడుపుగుడ్డ ఊగడం మానేసింది.

స్టార్ట్ బటన్ నొక్కింది. మళ్లీ నొక్కింది. ఏడుసార్లు నొక్కింది. ఏడోసారి నొక్కేటప్పుడు మనసులో దండం కూడా పెట్టుకుంది.

“ఏమైంది?” గాజు పలకలో బెత్తెడు సందులోంచి అల్లుడి గొంతు. పలక తెరుచుకుంటూ తెరుచుకుంటూ అక్కడే ఆగిపోయింది.

“ఆగిపోయింది.”

“కొత్త కారు కదా?”

“అదే నేనూ దానికి చెప్తున్నాను.”

రేడియో లేదు. లైట్లు లేవు. హారన్ లేదు, వెనకున్న వాళ్ళ హారన్లన్నీ మాత్రం సౌండ్‌ప్రూఫ్ అద్దాల అవతల సన్నగా ఉన్నాయి. కవరున్న లాకర్ మీద బొటనవేలు పెట్టింది, చెమట తుడుచుకుని మళ్లీ పెట్టింది, తలపిన్ను దూర్చింది. పిన్ను వంగింది. మేస్త్రి మాట నిజమే, బాంబు పెట్టినా తెరుచుకోదు. బాబాయి ప్రాణం ఆమె మోకాళ్లకి జానెడు దూరంలో, మూడు మిల్లీమీటర్ల ఉక్కు వెనక భద్రంగా ఉంది. వెనక తలుపులవి కరెంటు తాళాలే, ముందు తలుపుకి మాత్రం చేత్తో లాగే మీట ఉంది, దిగగలదు. దిగి ఏం చెయ్యాలి? ఉత్త చేతులతో రేవుకి వెళ్లి, సారీ బాబాయ్, కారు చచ్చింది అని చెప్పాలా?

జూడోలో ఆమెకి రెండో డాన్. నాలుగు భాషలు వచ్చు. కళ్లకి గంతలు కట్టినా రివాల్వర్ విప్పి మళ్లీ బిగించగలదు. ఇవేవీ ఆ కారుకి అవసరం లేదు.

పదకొండూ నలభై ఎనిమిది. ఆమె తలుపు తెరిచింది. అప్పటికి పది మంది మూగారు. ఇలాంటి చోట ప్రతివాడూ ఇంజనీరే. గేరు చూడమన్నారు, తాళం చూడమన్నారు, పెట్రోలు చూడమన్నాడు ఒకాయన. పళ్ల మధ్య పుల్ల పెట్టుకున్న ఒక టాక్సీ డ్రైవరు మాత్రం కారు చుట్టూ తిరిగి, నవ్వి, ముందుకొచ్చి నిలబడ్డాడు.

“ఈ మోడలేనా? మా బావమరిదిదీ ఇంతే మేడమ్, నడుస్తూ నడుస్తూ ఆగిపోయింది. పెద్ద బ్యాటరీ బంగారంలా ఉంటుంది. ముందర పన్నెండు వోల్టులది చిన్నది ఇంకోటుంటుంది. దానికి చార్జింగ్ ఎక్కించే పార్టు కాలిపోతే తలుపు దగ్గర్నుంచి తలకాయ దాకా అన్నీ పోతాయి. కంపెనీవాళ్ళు అందరికీ ఉత్తరం పంపారు కదా. చదవలేదా మీరు?”

చదవలేదంది. అతను అయ్యో పాపం అన్నట్టు చూసి, కేబుల్ తెస్తానని తన టాక్సీ వైపు వెళ్లాడు. ఈలోపు తోసి చూద్దామన్నారు మిగతావాళ్ళు. మీరు స్టీరింగ్ పట్టుకోండి మేడమ్ అన్నారు. ఆమె తలుపు వెయ్యకుండానే కూర్చుని పట్టుకుంది. ఇంకేం పట్టుకోవాలో తెలియలేదు.

ఆ కారులో కరెంటు లేకుండా పనిచేసే వస్తువు ఒక్కటే మిగిలింది, మేస్త్రి అలిగిన అద్దం. అందులో వెనక ఆగిన తెల్ల వ్యాను కనిపించింది. దాంట్లోంచి ఇద్దరు బలమైన మనుషులు దిగి అందరికన్నా ముందు వచ్చి భుజాలు ఆనించారు. వాళ్ళలో ఒకడు వెనక అద్దంలోంచి లోపలికి చూసి తన ముంజేతి గడియారాన్ని వేలితో తట్టాడు. అల్లుడు తల తిప్పలేదు. ఒళ్లో పెట్టుకున్న చెయ్యి మాత్రం కొంచెం లేపి, ఆగు అన్నట్టు రెండు వేళ్లు చూపించాడు.

అల్లుడు ఇంకా వియ్యాలవారి మనిషే. వ్యాను పొద్దుట్నుంచీ వెంటే వస్తోందన్నమాట. కవరు ఎవరి చేతికి అందితే తమలో దొంగ వాడేనని వాళ్ళ లెక్క. ఆ చెయ్యి చూపించడానికి తనే కారు నడుపుకుంటూ వచ్చింది.

అద్దంలో ఇంకొకటి కనిపించింది. వ్యాను వెనక ఆగిన బస్సులోంచి ఒక ముసలాయన దిగి, చేతిలో ఆకుపచ్చ మూత టిఫిన్ క్యారియర్‌తో దిమ్మెల పక్కగా నడిచి వస్తున్నాడు. ఆకుపచ్చ మూత. రేవుకి దారి ఈ వంతెన ఒక్కటే కదా. బాబాయి కూడా ఆమె వెనకే ఇరుక్కున్నాడు.

పసుపు గుడ్డ ఆయన కంటపడింది. నడక వేగం పెరిగింది.

ఆమె కేకెయ్యలేదు, చెయ్యి ఊపలేదు, కనుబొమ్మ కూడా ఎత్తలేదు. ఏది చేసినా అల్లుడు చూస్తాడు. ఆయన వచ్చి ఆ ఇద్దరి ముందు కవరు అడిగాడంటే అయిపోయినట్టే. ఆమె చెయ్యగలిగిందల్లా చూడటం. చూసింది.

వ్యాను మనిషి ఆయన్ని ముందే గుర్తుపట్టాడు. ఒకే ఆఫీసు మరి. “నువ్విక్కడేంటి పెద్దాయనా?”

“అన్నం తినడానికి, బాబూ. అవతల గట్టున గాలి బాగుంటుంది” అని బాబాయి క్యారియర్ కింద పెట్టి, చొక్కా చేతులు మడిచి, వాళ్ళిద్దరి మధ్య నిలబడి తను కూడా కారు తోశాడు.

ముప్ఫై ఏళ్లు ఒకే ఆఫీసులో ఫైళ్లు సర్దిన మనిషి. ఏది ఎప్పుడు బయటికి తియ్యకూడదో ఆయనకి ఎవరూ నేర్పక్కర్లేదు. కారు మాత్రం అంగుళం కదల్లేదు. చక్రాలు బిగుసుకుపోయాయి.

టాక్సీ డ్రైవరు కేబుల్‌తో వచ్చి, ముందు బంపర్‌లో చిన్న మూత ఊడదీసి, లోపలి తీగలకి క్లిప్పులు తగిలించాడు. స్క్రీన్ వెలిగింది.

బొటనవేలు లాకర్ మీద. తెరుచుకుంది. కవరు చేతిలోకి వచ్చింది. వెనక తలుపుల తాళాలు టకటకా ఊడిన శబ్దం. అల్లుడు హ్యాండిల్ మీద చెయ్యి వేశాడు. ఆమె ఎడమచేత్తో లాక్ బటన్ నొక్కింది. అప్పుడే క్లిప్పు జారింది. స్క్రీన్ చచ్చింది. మొత్తం పదకొండు సెకన్లు. ఆ రోజు ఆమె చేసిన గూఢచర్యం అంతా అంతే.

కవరుతో దిగి తలుపు వేసింది. లోపలి చప్పుడు బయటికి రావడం పూర్తిగా ఆగిపోయింది.

“పెద్దాయనా, మీరు అటే కదా. వంతెన చివర కానిస్టేబుల్ ఉంటాడు, ఈ కారు కాగితాలు చూపించి క్రేన్ లారీ పంపించమంటారా?”

బాబాయి కవరు అందుకున్నాడు. క్యారియర్ ఆమె చేతిలో పెట్టాడు. “ఎండలో నిలబడ్డారు. ఇది మీరు తినండమ్మా. మీ ఇంట్లో అందరూ భోంచేశారా?”

ఆమె కోడ్ జవాబు చెప్పింది. “పెదనాన్న ఒక్కరే మిగిలారు బాబాయ్.”

ఆయన తలూపి కదిలాడు. “త్వరగా వెళ్లు పెద్దాయనా, మాకు అవతల పనుంది” అని తొందరపెట్టాడు వ్యాను మనిషి.

లోపల అల్లుడికి అంతా అర్థమైపోయింది. అద్దాన్ని గుద్దాడు. అరిచాడు. వేలు ముందుకి చూపించి, వాడే, పట్టుకోండి అన్నాడు. సౌండ్‌ప్రూఫ్ పని మేస్త్రి ఎంత బాగా చేశాడంటే ఒక్క అక్షరం బయటికి రాలేదు. గుద్దుతూ ముందుకి వేలు చూపిస్తున్న మనిషి ఏం కోరుకుంటాడు? ఇంకా గట్టిగా తొయ్యమని. వాళ్ళిద్దరూ ఊపిరి బిగబట్టి ఇంకా గట్టిగా తోశారు. అల్లుడు తల పట్టుకున్నాడు. వాళ్ళు ఇంకా గట్టిగా తోశారు.

పదకొండూ యాభై ఆరు. రేవు ఇంకో కిలోమీటరు. అరవై దాటిన కాళ్లు. చిన్నమ్మాయి క్యారియర్ గుండెకి ఆనించుకుని, దిమ్మెల పక్కన చిన్నదవుతూ పోతున్న తెల్లచొక్కాని చూస్తూ నిలబడింది. వెంట పరుగెత్తితే వీళ్ళకి తెలిసిపోతుంది. నిలబడటమే పని.

పన్నెండూ పదికి పడవ కూత వినిపించింది. ఆయన ఎక్కాడో లేదో ఆ కూత చెప్పలేదు.

రేడియో సిగ్నల్ పోయిన అరగంటకి ఆఫీసు మనుషులు క్రేన్ లారీవాళ్ళ వేషంలో వచ్చారు. తోసి తోసి వంగిపోయిన ఆ ఇద్దరినీ పట్టుకోవడానికి చెయ్యి చేసుకోవలసిన అవసరం కూడా రాలేదు. అల్లుణ్ని అసలు దింపలేదు. కారుతో పాటే కట్టి, ఊరంతా తిప్పి, ఆఫీసు పెరట్లోకి లాక్కెళ్లారు. సూటు మాత్రం నలగలేదు.

క్యారియర్ అడుగు గిన్నె కింద కార్డు దొరికింది. సాయంత్రం అవతలి దేశం రేవు నుంచి, ఊరెళ్లిన చుట్టం రాసినట్టు ఒక సందేశం వచ్చింది: ‘ఇంటిల్లిపాదీ క్షేమం. చివర ఎక్కిన వాణ్ని నేనే.’ అది చదివాక చిన్నమ్మాయి క్యారియర్‌లోని అన్నం పెట్టుకుని తినేసింది. చల్లారిపోయింది, అయినా గింజ వదల్లేదు.

ఉత్తరం సంగతి మర్నాడు బయటపడింది. కంపెనీ ఆ ఉత్తరాన్ని లేని టైలరింగ్ షాపుకి పంపింది. లేని అడ్రసుకి ఉత్తరం వచ్చిందంటే శత్రువుదే అయి ఉంటుందని ఆఫీసు రూలు. పోస్టాఫీసులో ఉన్న మనవాడు దాన్ని తిన్నగా కోడ్ విభాగానికి పంపాడు. ‘మీ వాహనం నడుస్తుండగా హఠాత్తుగా పవర్ కోల్పోవచ్చు’ అన్న వాక్యం మీద ముగ్గురు నిపుణులు నెలన్నర కూర్చున్నారు. వాహనం అంటే ఈ విభాగం, పవర్ పోవడం అంటే పెదనాన్న కుర్చీ ఊడటం అని తేల్చి, అతిరహస్యం అని ముద్ర కొట్టి ఆయన ఒక్కడికే ఇచ్చారు. ఆయన నిద్ర ఎక్కడికి పోయిందో అప్పుడు తెలిసింది.

ఉత్తరం చివర ‘సమీప సర్వీస్ సెంటర్‌ను సంప్రదించండి’ అని కూడా ఉంది. అది శత్రువుల స్థావరమని అక్కడ ఇద్దరు ఏజెంట్లని మెకానిక్‌ల వేషంలో పెట్టారు. వెనక్కి రమ్మని ఇంకా ఎవరూ చెప్పలేదు. వాళ్ళలో ఒకడికి చెయ్యి బాగా తిరిగిందట. మన కారు బాగుచేసింది అతనే.

చిన్నమ్మాయి ఇప్పుడు బస్సులో వెళ్తోంది.

కొన్న మూడు నెలలకే కారు నడిరోడ్డు మీద చచ్చిపోయి, వెనక హారన్ల మధ్య స్టార్ట్ బటన్ నొక్కుతూ కూర్చున్న అనుభవం మీకూ ఉంటే రాసి పంపండి. ఏ బటన్‌ని ఎన్నిసార్లు నొక్కారో కూడా రాయండి. కవరు మీద అడ్రసు మాత్రం నిజంగా ఉన్నదే వెయ్యండి.