తువ్వాలు కుక్కిన కిటికీ

ఆ లాడ్జి పైఅంతస్తులో చివరి గదికి మంచి పేరు లేదు. ఒక చలికాలం ఓ పెద్దాయన ఆ గదిలోనే నిద్రలో పోయాడట. అప్పట్నుంచీ అందులో ఎవరు దిగినా, మూసిన కిటికీ దానంతటదే తెరుచుకుంటుందట...

ఇది మా బావకి జరిగింది. ఆయన చెప్పింది చెప్పినట్టే చెబుతున్నాను. ఉప్పూకారం ఎక్కడైనా ఎక్కువైతే ఆ పాపం ఆయనదే, నాది కాదు.

బావది గుడ్లు పొదిగే మిషన్లు అమ్మే పని. దేశం కాని దేశంలో ఓ కోళ్ళ ఫారం వాళ్ళకి మిషను బిగించి చూపించాలని నడి చలికాలంలో వెళ్ళాడు. మంచు పడి దారులు మూసుకుపోయాయి. లాడ్జిలో మిగిలింది ఆ ఒక్క గదే.

"కిటికీ గడియ పాతది. తెరుచుకుంటే మూసుకోండి," అంది లాడ్జి ఆవిడ తాళంచెవి ఇస్తూ. మిగతా కథంతా పెట్టె మోసుకొచ్చిన ఫారం డ్రైవరు చెవిలో ఊదాడు.

బావ నవ్వేశాడు. ఆయనకి దెయ్యాలంటే భయం లేదు, చలంటేనే భయం. గోడకున్న గ్యాసు హీటరు పూర్తిగా పెంచేసి దుప్పట్లో దూరాడు.

తెల్లారేసరికి తల బద్దలైపోతోంది. కిటికీ వైపు చూస్తే — బెత్తెడు తెరిచి ఉంది.

చలిగాలి కొట్టిందనుకున్నాడు. కిటికీ మూసి, గడియ బిగించి, సందులో తువ్వాలు గట్టిగా కుక్కాడు.

చిత్రమేమిటంటే, కిందికి దిగి వేడిగా టీ తాగితే ఆ తలనొప్పి చేత్తో తీసేసినట్టు పోయేది. మెట్లెక్కి గదిలో కాసేపు కూర్చుంటే... మళ్ళీ పట్టేసేది. దిగితే వదిలేది, ఎక్కితే పట్టేది. డ్రైవరు మాటలు అప్పుడు గుర్తొచ్చాయట బావకి.

"అమ్మా, ఇంకో గది ఏదైనా..." అని బతిమాలాడు.

"హాల్లో కూడా జనం పడుకుంటున్నారు. ఎక్కడినుంచి తెచ్చివ్వను?" అంది లాడ్జి ఆవిడ.

బయట మోకాల్లోతు మంచు. ఎక్కడికి పోతాడు? మళ్ళీ ఆ మెట్లే ఎక్కాడు.

అక్కడ మధ్యాహ్నం దాటితే చాలు, చీకటి పడిపోతుంది. ఆ చీకట్లో మంచం మీద వాలాడు. కాళ్ళు తనవి కానట్టున్నాయి. హీటరు నీలంగా వెలుగుతోంది... సన్నగా ఈల వేస్తోంది...

పొద్దున తలనొప్పని చెప్పాడని మా అక్క మళ్ళీ ఫోన్ చేసింది.

"ఎలా ఉంది? జ్వరమా?"

"ఒళ్ళు చల్లగానే ఉంది... నిద్ర ముంచుకొస్తోంది... ఈ గది నన్ను పోనివ్వట్లేదే..."

అక్క మెల్లగా అడిగింది. "హీటరు వెలుగుతోందా? మరి కిటికీ?"

"మూసేశా... తువ్వాలు కుక్కా..."

"ఎంత పని చేశారండీ! షెడ్డు పరదాలు పూర్తిగా దించొద్దని ఊరందరికీ చెప్పేది మీరే కదా! లేవండి! ముందు కిటికీ తీయండి!"

చలికి భయపడి కోళ్ళ షెడ్డుకి పరదాలన్నీ దించేసి లోపల కుంపటి పెడితే, కోడిపిల్లలు మూలకి చేరి మత్తుగా జోగుతాయి. ఆ మత్తులోనే పోతాయి. పైన బెత్తెడు సందు వదలండని బావ కనిపించిన ప్రతి రైతుకీ చెబుతాడు. అలాంటి మనిషి తన గదికి తనే సందు లేకుండా మూసుకున్నాడు.

బావకి అంతా అర్థమైంది. లేవాలనుకున్నాడు. వేలు కూడా కదల్లేదు.

అప్పుడు చూశాడు — కిటికీ దగ్గర ఎవరో ఉన్నారు.

వంగిన వీపు. వణికే చేతులు. తువ్వాలు పట్టుకుని లాగుతున్నాయి... నెమ్మదిగా... ఓపిగ్గా...

అరవబోయాడు. ఆ తర్వాత ఆయనకేమీ తెలియదు.

అక్క ఆ ఫోను చెవికి ఆనించుకునే, ఇంకో ఫోన్లో నాకు విషయం చెప్పింది. నేను లాడ్జికి చేశాను. వచ్చీరాని ఇంగ్లీషులో రెండు ముక్కలు చెప్పాను. లాడ్జి ఆవిడ రెండో తాళంచెవితో తలుపు తీసేసరికి, బావ మంచం మీదే ఉన్నాడు. కిటికీ బార్లా తెరిచి ఉంది. దుప్పటి మీద మంచు రాలుతోంది. తువ్వాలు మడత పెట్టి కిటికీ గట్టు మీద ఉందట.

హీటరు పొగగొట్టం గోడలో ఎక్కడో పగిలిందని మర్నాడు తేలింది. కంటికి కనిపించని, వాసన రాని పొగ. అది తలకెక్కితే లేనివి కూడా కనిపిస్తాయని డాక్టరు చెప్పాడట. ఆ పెద్దాయన్ని మింగిందీ అదేనేమో.

బావ క్షేమంగా ఇల్లు చేరాక నేను ఊరుకుంటానా! "మత్తులో నువ్వే లేచి తెరిచి, మళ్ళీ పడుకునుంటావు బావా. దెయ్యం పేరు పాడు చెయ్యకు!" అన్నాను.

"అంతే అయ్యుంటుంది," అన్నాడు బావ. అలా అనుకోవడమే ఆయనకి హాయిగా ఉన్నట్టుంది.

ఆయన స్నానానికి లేచి వెళ్ళాక అక్క నా పక్కన కూర్చుంది.

"పెళ్ళయినప్పట్నుంచీ ఆయన ఒక్క తువ్వాలు మడత పెట్టగా చూశావురా?"

నేను నవ్వాను. తను నవ్వలేదు.

"నేను ఫోన్ పెట్టెయ్యలేదు. ఆయన మాట ఆగిపోయింది, నేను పిలుస్తూనే ఉన్నా. అప్పుడు గడియ తీసిన చప్పుడు... గాలి హోరు... తర్వాత ఎవరో మాట్లాడారు."

"లాడ్జి ఆవిడేమో."

"ఆవిడ తలుపు తీసింది ఆ తర్వాత. ఇది మగ గొంతు. బాగా పెద్దాయన. ఆ భాష నాకు రాదురా..."

అక్క గొంతు తగ్గించింది.

"...కానీ నిద్రపోయే పిల్లల్ని లేపేటప్పుడు, మనమూ అలాగే పిలుస్తాం."