అర మిల్లీ ఐదు మిల్లీలైన కేసు

తలుపు తీసేసరికి గుమ్మంలో నిలబడ్డ అమ్మాయి చేతిలో ప్రూఫ్ కాగితాల కట్ట ఉంది. ప్రెస్సులో కంప్యూటర్ మీద పేజీలు కడుతుందట. కోడలు మంచినీళ్ళు తెచ్చేలోపే అత్తగారు సగం సంగతి రాబట్టేసింది. ఊరందరికీ ఆవిడ డిటెక్టివ్ అత్తయ్య.

“పసిపిల్లల మందుల పుస్తకమండీ. 0.5 మి.లీ. ఉండాల్సిన చోట 5 పడింది. 2.5 కూడా 5 అయింది. అచ్చుకి ముందే అది రాసిన డాక్టరుగారు పట్టుకున్నారు కాబట్టి సరిపోయింది. జీతం పెంచలేదని కక్షకొద్దీ నేనే మార్చానంటున్నారు మా ఓనరు. సాయంత్రంలోగా తేలకపోతే నా ఉద్యోగం ఊడినట్టే.”

“నువ్వు మార్చావా?”

“లేదండీ. నిన్న మూడింటికి మా బాబుకి జ్వరమని స్కూలు నించి ఫోనొస్తే, పని మధ్యలో వదిలేసి పరిగెత్తాను.”

అత్తగారు ప్రూఫ్ తిరగేసింది. “పేరాల ముందు వరస నంబర్లు లేవేం?”

“టైపు చేసినవి తీసెయ్యాలండీ, కొత్తవి సాఫ్ట్‌వేరే వేస్తుంది. అయినా...” ఆ అమ్మాయి కాగితం మీదికి వంగింది. “నేనింకా తియ్యలేదే.”

“పద, మీ ప్రెస్సు చూద్దాం.”

ప్రెస్సులో ఆ అమ్మాయి కంప్యూటర్ అంచున ఒక చీటీ అంటించి ఉంది. అందులో రాసిన గుర్తులు వెతికే చోట కొడితే, అంకె పక్కన చుక్క ఉన్న చోటల్లా దొరుకుతుందట. వరస నంబర్లన్నీ ఒక్క దెబ్బకి తీసెయ్యొచ్చట. గుర్తులకి ముందు పెన్సిలుతో గీసిన చిన్న టోపీలాంటిది కోడలికి ముక్కు ఆనిస్తే గానీ కనబడలేదు.

అత్తగారు ఓనరు చేతిలో తన కార్డు పెట్టింది. ఆయన అడుగునున్న చీమతలకాయంత ఫోన్ నంబరు కూడా గడగడా చదివేశాడు. పక్క కుర్చీలో ప్రూఫులు దిద్దే పెద్దాయనకి ఇచ్చింది మాత్రం ఇస్త్రీవాడి రసీదు. అత్తయ్యకి మతిమరుపు మొదలైందనుకుంది కోడలు. పెద్దాయన దాన్ని చేతిలో దూరంగా పట్టుకుని చూసి, “మంచి పేరండీ” అని జేబులో పెట్టుకున్నాడు.

అత్తగారు అందర్నీ కూర్చోబెట్టింది.

“తప్పయిన ప్రతిచోటా చుక్కా, దాని ముందున్న అంకే పోయాయి. చుక్కలేని పది పదిలానే ఉంది. కక్షగలవాడు ఇంత పద్ధతిగా పాడుచెయ్యడు. పైగా వరస నంబర్లు తీసిపెట్టాడు, అంటే సాయం చేశాడు. చీటీలో ఆ టోపీ ఎందుకమ్మాయ్?”

“పేరా మొదట్లోనే వెతకమని. అది కొట్టకపోతే పేరా మధ్యలోవి కూడా...” ఆ అమ్మాయి నోరు నొక్కుకుంది.

“టోపీ కనబడని మనిషే ఆ పని చేశాడు. పెద్దాయనా, తెర మీద అక్షరాల్ని ఎంతకైనా పెంచుకోవచ్చు. కాగితం పెరగదు కదా. మీ జేబులో ఉన్నది నా కార్డు కాదు.”

పెద్దాయన తల దించుకున్నాడు. “కళ్ళల్లో శుక్లాలమ్మా. ప్రూఫులు దిద్దేవాడికి చూపు లేదంటే ఎవరుంచుతారు? పిల్లాడికి బాలేదని ఏడుస్తూ పోయింది, కాస్త పని తగ్గిద్దామనుకున్నాను. పొద్దున ఇంత గొడవ చూసి నోరు పెగల్లేదు. నన్ను పంపించెయ్యండి, దాన్నేం అనకండి.”

“బాబాయ్, నాతో చెప్పొద్దూ?” అంది ఆ అమ్మాయి, ఏడుపూ నవ్వూ కలిసిపోయి.

ఓనరు గోడ గడియారం చూశాడు. “ఇద్దర్నీ పంపిస్తే పుస్తకం నేను కట్టాలా?” అన్నాడు. “అమ్మా, నిన్ను అనరాని మాటలన్నాను. ఏమనుకోకు. బాబాయ్, ముందు ఆపరేషన్ చేయించుకో. నీ కుర్చీ ఎక్కడికీ పోదు.”

ఆ అమ్మాయి అప్పటికే కంప్యూటర్ ముందు చేరింది. మి.లీ. ముందున్న అంకెలన్నీ ఒక్కొక్కటే వెతుకుతూ, డాక్టరు చేతిరాతతో సరిచూస్తోంది. ముప్ఫై ఎనిమిది చోట్లున్నాయి. చీటీ మీద టోపీని ఎర్ర స్కెచ్‌పెన్నుతో రూపాయి బిళ్ళంత చేసింది.

అత్తాకోడళ్ళు వీధి మలుపు తిరుగుతుండగా పెద్దాయన రొప్పుతూ వచ్చి రసీదు చాచాడు.

“ఈసారి అమ్మాయిచేత చదివించానండీ. మూడు చొక్కాలు, రెండు దుప్పట్లు.”